కాడి పడేసిన చోట

590 మీటర్లు. మామూలుగా అయితే ఏడెనిమిది నిమిషాల నడక. మా ఇంటి నుంచి బస్టాపు దాకా వెళ్ళి రావడం కూడా అంతకంటే ఎక్కువే. పోయిన ఏడాది ఆగస్టులో ఆ 590 మీటర్లు దాటడానికి నాకు గంటా పావు పట్టింది. అందులో ఓ ఇరవై నిమిషాలు దారి పక్కన పడిపోయిన చెట్టు మీద కూర్చుని ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా ఉన్నాను. నడిచినంతసేపూ తల మీద పడవ ఉంది లెండి. పడవ కింద నేను, నా వెనక మా అమ్మాయి.

అసలు ఇదంతా మా అమ్మాయి మెడ దగ్గర మొదలైంది.

మేం ఉండేది బ్రాంప్టన్‌లో, టొరంటో పక్కన. ఇక్కడ స్కూళ్ళకి సెలవులిస్తే చాలామంది పిల్లల్ని క్యాంపుకి పంపుతారు, సాయంత్రానికి ఇంటికొచ్చే రకం కాదు, ఉత్తరాన అడవుల్లో ఏదో సరస్సు పక్కన రెండు వారాలు ఉండిపోయే రకం. ఫోన్లు మొదటి రోజే తీసేసుకుంటారు. పదిహేనేళ్ళ పిల్లని అలా పంపడం మా ఆవిడకి సుతరామూ ఇష్టం లేదు, నాకు ఆ ఫీజు చూశాక ఇష్టం లేదు, కానీ ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారని నెల రోజులు అలిగి మొత్తానికి సాధించుకుంది. తిరిగొచ్చిన రోజు జడ వేస్తూ వాళ్ళమ్మ ఒక్క కేక పెట్టింది. మెడ వెనక, ఎముక పైకి తేలే చోట, రూపాయి బిళ్ళంత మేర చర్మం కమిలి నల్లబడి ఉంది. ఏమైందే అంటే, ఏం కాలేదమ్మా, కానూ మోశాను అంది, అదేదో మెడల్ అన్నట్టు.

కానూ అంటే మన దోనె లాంటి సన్నటి పడవ. రెండు కొసలూ కోసుగా ఉంటాయి, ఇద్దరు కూర్చుని తెడ్లు వేసుకుంటూ పోతారు. ఉత్తర ఒంటారియో అంతా సరస్సులే, ఒక సరస్సుకీ ఇంకో సరస్సుకీ మధ్య అడవి. అక్కడ దిగి సామాన్లు వీపుకి తగిలించుకుని పడవని బోర్లించి తల మీద పెట్టుకుని అవతలి నీళ్ళ దాకా నడవాలి. దాన్ని పోర్టేజీ అంటారు, ఫ్రెంచిలో మోయడం అనే మాటే అది. పడవ నడుమ అడ్డంగా ఒక చెక్క ఉంటుంది, మెడకి సరిపోయేట్టు గుంటగా చెక్కి ఉంటుంది, బరువంతా దాని మీద నిలబడుతుంది. దాన్ని యోక్ అంటారు నాన్నా అని కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. నాకు నవ్వొచ్చింది. అది కాడి. మా గొడ్లచావిట్లో గోడకి వేలాడుతున్న కాడి బొమ్మ అచ్చంగా అలాగే ఉంటుంది.

మాది మధిర దగ్గర పల్లెటూరు. నాన్న రెండెడ్ల వ్యవసాయం చేశాడు, నన్ను మాత్రం చదువుకో అని అరక దగ్గరికి కూడా రానివ్వలేదు. నేను చేసిన కష్టం అంటూ ఏదైనా ఉంటే, ఇంటర్ సెలవుల్లో మిర్చి కోతలప్పుడు కళ్ళంలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తడం. నలభై కిలోలకి తక్కువ ఉండదు ఒక్కో టిక్కీ. అది ఇప్పటికీ నా గొప్పల్లో ఒకటి, మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ రోజు కూడా చెప్పాను, కానూ ఎంత, పాతిక కిలోలా, మీ నాన్న టిక్కీలు ఎత్తినవాడే అని. అది కాసేపు ఆలోచించి, "ఎత్తావు సరే, ఎంత దూరం మోశావు?" అంది.

కళ్ళం నుంచి లారీ దాకా. పది అడుగులు. చెప్పలేదు.

అలా ఆగస్టు రెండో వారానికి అల్గాన్‌క్విన్ పార్కుకి ప్రయాణం పెట్టుకున్నాం. నేను, మా అమ్మాయి, మా బావమరిది, వాడి రూమ్మేటు ఒక గుంటూరు కుర్రాడు. మా ఆవిడ రానంది. ఆ పార్కు 1893 నాటిది, ఏడున్నర వేల చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది, కానీ కార్లు తిరిగే రోడ్డు దక్షిణం కొసన హైవే 60 ఒక్కటే అనుకోవచ్చు. మిగతా అంతా నీళ్ళ మీద పోవాల్సిందే. ఏ రోజు రాత్రి ఏ సరస్సు దగ్గర ఉంటామో ముందే చెప్పి పర్మిట్ తీసుకోవాలి. ఆ సరస్సు ఒడ్డున నారింజ రంగు బోర్డు ఉన్న ఏ ఖాళీ చోటైనా గుడారం వేసుకోవచ్చు, ముందొచ్చినవాళ్ళదే మంచి చోటు. దారి మా అమ్మాయే గీసింది. స్మోక్ లేక్, అక్కణ్ణుంచి 240 మీటర్లు మోసి రాగెడ్ లేక్, అక్కణ్ణుంచి 590 మీటర్లు మోసి బిగ్ పోర్క్యుపైన్ లేక్, అక్కడ రెండు రాత్రులు. చివరి పోర్టేజీకి డెవిల్స్ స్టెయిర్‌కేస్, అంటే దయ్యం మెట్లు, అని పేరుందని అప్పుడు చెప్పలేదు.

ఇక పడవల సంగతి. బావమరిది వాళ్ళు కెవ్లార్ కానూ, అంటే తేలికైన గట్టి నారతో చేసినది, అద్దెకి తీసుకున్నారు, పందొమ్మిది కిలోలు, ఒంటిచేత్తో లేపొచ్చు. ఇంకొకటి కూడా అలాంటిదే తీసుకుందామంటే నేను అద్దె చూసి ఆగాను. మా ఆఫీసులో ఒక పెద్దాయన తన గరాజులో ముప్ఫై ఏళ్ళుగా పడి ఉన్న అల్యూమినియం కానూ ఊరికే ఇస్తానన్నాడు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగే రకం నేను. ఆయన పడవని కారు మీద కట్టిస్తూ దాని చరిత్ర కూడా చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోతున్న రోజుల్లో విమానాలు తయారుచేసే గ్రమ్మన్ కంపెనీ అదే అల్యూమినియంతో కానూలు చేయడం మొదలుపెట్టిందట, బండకి కొట్టినా పగలదు, సొట్ట పడుతుంది అంతే అన్నాడు. బరువెంత అంటే డెబ్భై అయిదు పౌండ్లు అన్నాడు. ముప్ఫై నాలుగు కిలోలు. టిక్కీ కంటే తక్కువే కదా అనుకున్నాను.

సామాన్లలో మూడు లీటర్ల కుక్కర్ ఉంది. అది మా ఆవిడ పెట్టింది, అడవిలో అయినా అన్నం అన్నంలా ఉండాలని. పార్కింగ్ దగ్గర సంచీ సర్దుతూ మా అమ్మాయి దాన్ని రెండు చేతులతో పైకెత్తి అందరికీ చూపించి ఏమీ అనకుండా మళ్ళీ లోపల పెట్టింది. ఆవకాయ గాజు సీసాలో ఉంది. సరస్సుల వైపు గాజు సీసాలు, టిన్ను డబ్బాలు తీసుకుపోకూడదని రూలు. కాబట్టి కారు డిక్కీ దగ్గర నిలబడి స్పూనుతో ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను, పక్క కారు తెల్లాయన దాని వాసనకి రెండుసార్లు తిరిగి చూశాడు. ఒక చుక్క లైఫ్ జాకెట్ మీద పడింది. ఆ మరక ఇంకా ఉంది.

స్మోక్ లేక్ మీద ఎదురుగాలి. ఎటు చూసినా నీళ్ళు, దూరంగా కొండలు, వాటి మీద దేవదారు చెట్లు, చూడ్డానికి చాలా బాగుంది, కాకపోతే చూసే తీరిక లేదు. కానూలో వెనక కూర్చున్నవాళ్ళే దారి తిప్పేది, ముందు కూర్చున్నవాడు ఊరికే తెడ్డు లాగాలి. "నువ్వు ఇంజను నాన్నా, స్టీరింగ్ నాది" అని వెనక కూర్చుంది. ఈత విషయంలో నాకు భయం లేదు, వీపుకి ములగ బెండ్లు కట్టుకుని మోటబావిలో నేర్చుకున్న ఈత, కానీ తెడ్డు వేసేటప్పుడు భుజాలు వాడకూడదు, నడుం తిప్పి లాగాలి అని అది వెనక నుంచి అరుస్తుంటే అరగంటకే కుడి భుజం మొద్దుబారింది. బావమరిది వాళ్ళ పడవ వంకరటింకరగా పోతూ కూడా మాకంటే ముందే ఉంది. దక్షిణం కొసకి చేరేసరికి రెండు గంటల పైనే అయింది.

మొదటి పోర్టేజీ 240 మీటర్లే. కానూని ఇద్దరం పట్టుకున్నాం, ముందు కొస నా భుజం మీద, వెనక కొస దాని భుజం మీద, పల్లకీ మోసినట్టు. మధ్యలో రెండుసార్లు దింపాం. చెమట పట్టింది, అంతే. ఇదా మీ క్యాంపోళ్ళు చెప్పేది అని ఒక మాట కూడా అన్నాను, అనకుండా ఉండాల్సింది.

రాగెడ్ లేక్ అటు చివర నీళ్ళ ఒడ్డున పసుపు బోర్డు. పోర్టేజీ మొదలయ్యే ప్రతి చోటా అలాంటి బోర్డు ఉంటుంది, ఎన్ని మీటర్లో రాసి. దాని వెనక దారి మొదలవుతూనే పైకి లేచింది. మెట్లు అన్నారు గానీ ఎవరో కట్టిన మెట్లు కావు, రాళ్ళు, చెట్ల వేళ్ళు, వాటి మధ్య అరిగిపోయిన మన్ను, అంతా ఎక్కుడు. అప్పుడు చెప్పింది దయ్యం మెట్లు అని. ఇద్దరు పట్టుకుని ఇలాంటి ఎక్కుడు ఎక్కలేరు, ఒకరి అడుగు ఇంకొకరికి కలవదు, ఒక్కరే మోయాలి అని కూడా చెప్పింది. నేను మోయనా అంది. పక్కకి జరుగు అన్నాను.

ఎత్తడం ఎలాగో చూపించింది. పడవని పక్కకి వంచి తొడల మీదకి లాక్కోవాలి, ఒక చెయ్యి దగ్గర అంచు మీద, ఇంకో చెయ్యి దూరపు అంచు మీద, మోకాలితో ఒక్క తోపు తోసి అదే ఊపులో తలకాయ లోపలికి దూర్చి తిరగాలి. మూడోసారికి ఎత్తాను. కాడి మెడ మీద కూర్చుంది. ఆ క్షణం నిజంగానే చాలా తేలిగ్గా అనిపించింది, బరువు నేరుగా కాళ్ళలోకి దిగింది, ఓస్ ఇంతేనా అనుకున్నాను.

కింద ఎలా ఉంటుందో చెప్పాలి. ముందుగా చీకటి. కళ్ళెదురుగా వెండి రంగు రేకు, దాని కింద నుంచి నీ పాదాల ముందు నాలుగడుగుల నేల, అంతే లోకం. నీ ఊపిరి నీకే పెద్దగా తిరిగి వినిపిస్తుంది, బావిలో తల పెట్టి అరిచినట్టు. పైన కొమ్మలు గీసుకుంటుంటే బడిలో బోర్డు మీద గోరుతో గీసినప్పుడు వచ్చే చప్పుడు. రెండు చేతులూ అంచులు పట్టుకుని ఉంటాయి కాబట్టి దోమ ముక్కు మీద వాలినా ఊదుకోవడం తప్ప ఏమీ చెయ్యలేవు, అది నీకంటే ముందే ఆ సంగతి కనిపెడుతుంది. ఎండగా ఉందని నేను లైఫ్ జాకెట్ విప్పి సంచీకి కట్టేశాను. ఆ పాత కాడికి మెత్తలు లేవు, మడతపెట్టిన తువ్వాలు ఒకటి వేసుకున్నాను, అది ఇరవై అడుగులకే జారిపోయింది. ఆ తర్వాత ఉన్నది చెక్కా, ఎముకా.

ఎక్కుడులో ఇంకో తిరకాసు. మనం పైకి ఎక్కుతుంటే పడవ ముక్కు ఎదురుగా ఉన్న గట్టుకి గుచ్చుకుంటుంది. ముందు కొస పైకి లేపి ఉంచాలి, అంటే అంచులు పట్టుకున్న చేతులతో దాన్ని మెడ మీదే వెనక్కి వాల్చాలి. నేను భయం కొద్దీ ముందుకి వంగాను, వంగిన ప్రతిసారీ ముక్కు రాయికి కొట్టుకుని ఆ దెబ్బ నేరుగా నా మెడలోకి వచ్చింది. వెనక నుంచి "పైకెత్తు నాన్నా, ముందు పైకెత్తు" అని అరుపు. ఇంతలో ఎదురుగా ఇంకో కానూ దిగి వస్తోంది. దాని కింద రెండు కాళ్ళు కనిపించాయి, మోకాళ్ళ దాకా మన్ను. పడవ నాకు గుడ్ మార్నింగ్ చెప్పింది. ఆడ గొంతు. పక్కకి తప్పుకున్నాక తిరిగి చూస్తే వెనక నుంచి నెరిసిన జుట్టు, అరవై దాటి ఉంటాయి. నాకు బదులివ్వడానికి ఊపిరి లేదు.

ఆ తర్వాత ముప్ఫై అడుగులు వేశానేమో. ఎడమ కాలు ఒక వేరు మీద జారింది, మోకాలు మడత పడింది, పడవ ముక్కు కిందికి, తోక పైకి. పట్టుకుంటే ఆగేదేమో, నేను పట్టుకోలేదు. వదిలేశాను. తల బయటికి లాక్కుని పక్కకి దూకాను. అది పెళ్ళి వంటల దగ్గర గుండిగ కిందపడినట్టు ధడేలుమని పడి, రెండు పల్టీలు కొట్టి ఒక చెట్టుకి ఆనుకుంది. సరస్సు అవతల కూడా వినపడే ఉంటుంది. ఒక పిట్ట కూడా కుయ్యలేదు.

మా ఊళ్ళో పని మధ్యలో చేతులెత్తేసినవాణ్ణి కాడి పడేశాడు అంటారు. చదువు మధ్యలో మానేసినవాణ్ణి, కాపురం వదిలేసినవాణ్ణి, పంట చేతికి రాకముందే పట్నం పోయినవాణ్ణి, అందరినీ అదే మాట. నేను కూడా వందసార్లు అని ఉంటాను. నిజంగా కాడి పడేసినవాణ్ణి మాత్రం ఆ రోజే చూశాను.

వెళ్ళి చెట్టు మీద కూర్చున్నాను. అరిచేతులు వణుకుతున్నాయి. మా అమ్మాయి నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వితే బాగుండేది. సామాను సంచీ దింపి, ముందు పడవ చుట్టూ తిరిగి చూసి, ఒక సొట్టే నాన్నా, కన్నం లేదు అంది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని నీళ్ళిచ్చింది. కాసేపటికి, "క్యాంపులో మూడో రోజు నేను ఏడ్చాను తెలుసా" అంది. ఎవరూ ఓదార్చలేదా అంటే, "ఎవరికీ తెలీదు. కానూ కింద ఉన్నప్పుడు ఏడ్చాను, పైవాళ్ళకి కనపడదు కదా" అంది.

నేను మాట్లాడలేదు. అది మాట్లాడుతూనే ఉంది, దానికి వాళ్ళమ్మ పోలిక. వెనకటి రోజుల్లో మాంట్రియల్ నుంచి బొచ్చు తోళ్ళ వ్యాపారానికి కానూల్లో వెళ్ళే కూలీలు ఉండేవాళ్ళట, వోయజర్లు అంటారు. ఒక్కో మూట తొంభై పౌండ్లు, అంటే నలభై కిలోలు, నుదుటికి తోలు పట్టీ తగిలించుకుని అలాంటి మూటలు ఒకేసారి రెండేసి మోసేవాళ్ళట. మనసులో లెక్క కట్టుకున్నాను. రెండు మిర్చి టిక్కీలు. పది అడుగులు కాదు, కిలోమీటర్లు.

అంతలో మా బావమరిది వాళ్ళ కానూని అవతల దింపేసి రెండో విడత సామాన్లకి ఈల వేసుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు, చెట్టుకి ఆనుకుని ఉన్న పడవని చూశాడు. వాడు మంచివాడే, మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. "బావా, ఇది నేను పట్టుకుపోతాలే. నువ్వు కుక్కర్ తెచ్చెయ్" అన్నాడు.

కుక్కర్ తెచ్చెయ్. అంతే, లేచాను.

ఈసారి మా అమ్మాయి చెప్పినట్టే చేశాను. మొదట లైఫ్ జాకెట్ తొడిగించింది, దాని భుజాల మెత్తలే కాడికి పరుపు. ఇది మొదట్లోనే చెప్పొచ్చు కదా అంటే, చెప్పాను నాన్నా, ఎండ అన్నావు అంది. నిజమే, అన్నాను. తర్వాత ముందు కొసకి ఒక తాడు కట్టి దాని చివర నా చేతికిచ్చింది, ముక్కు మరీ పైకి లేస్తే తాడు లాగు, దిగితే వదులు. మూడోది, నేలమీంచి ఎత్తనివ్వలేదు. తోక నేల మీదే ఉంచి ముక్కు ఒక్కటీ తనే రెండు చేతులతో పైకి లేపి పట్టుకుంది, నేను కిందికి దూరి మెడ ఆనించుకున్నాను, అప్పుడు వదిలింది. కొత్త గిత్తని అరకకి మప్పేటప్పుడు నాన్న దాన్ని పాత ఎద్దు పక్కన కట్టేవాడు. పాత ఎద్దుకి సాలు తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు, గిత్త కుమ్మినా అది కదలదు. ఇక్కడ పాత ఎద్దు ఎవరో నాకు తెలుస్తూనే ఉంది.

మీటర్లు లెక్కపెట్టొద్దు, యాభై అడుగులు లెక్కపెట్టు, యాభై అయ్యాక ఇంకో యాభై వెయ్యగలవో లేదో అప్పుడు చూసుకో అంది. తెలుగులో లెక్కపెట్టాను, పైకే. నలభై ఏడు దగ్గర ప్రతిసారీ మానేద్దామనిపించింది. నాలుగో యాభైకి ఒక చెట్టు పంగ కనిపిస్తే అందులో పడవ ముక్కు ఆనించి, కింద నుంచి బయటికొచ్చి నిలబడ్డాను, దింపాల్సిన పనే లేదు, మళ్ళీ ఎత్తాల్సిన పనీ లేదు. ఇంత సుఖం ఉందని నాకు తెలీదు. అయిదో యాభై దాటాక దారి చదునైంది. మెడ మండుతోంది, భుజాలు నావి కాదన్నట్టు ఉన్నాయి, కానీ అడుగులో ఒక ఊపు దొరికింది, పడవ కూడా ఆ ఊపుకే ఊగుతోంది, దాంతో పోట్లాట తగ్గింది. చివరికి రేకు అంచు కింద, నా బూట్ల ముందు, నేల బదులు వెలుతురు కనపడింది. నీళ్ళు. అలాగే నడుచుకుంటూ మోకాళ్ళ లోతుకి దిగిపోయాను, ఎలా దించాలో అది చెప్పలేదు, నేను అడగలేదు, పక్కకి వాలిపోయాను. నేనూ పడవా కలిసే పడ్డాం.

అంతటితో అయిపోలేదు. సామాన్లు ఇంకా సగం అవతలే ఉన్నాయి. ఈ పోర్టేజీల్లో మోసం ఇదే, రెండు విడతలుగా మోస్తే 590 కాస్తా 1770 అవుతుంది. వెనక్కి వెళ్ళి కుక్కర్ ఉన్న సంచీ నేనే తెచ్చాను, అడగకముందే.

బిగ్ పోర్క్యుపైన్ లేక్ గురించి రాయాలంటే చాలా ఉంది గానీ నాకు గుర్తున్నది తక్కువ, మొదటి సాయంత్రం అంతా నీళ్ళలో మెడ దాకా మునిగి కూర్చున్నాను. ఒకటి మాత్రం చెప్పాలి. చీకటి పడుతుండగా గ్యాస్ స్టవ్ మీద కుక్కర్ పెట్టాం. అది మొదటి విజిల్ వేసింది. ఒక్క నిమిషం నిశ్శబ్దం, తర్వాత సరస్సు మధ్య నుంచి లూన్ పక్షి, నక్క ఊళకీ ఆడమనిషి నవ్వుకీ మధ్య ఉంటుంది దాని కూత, అది జవాబిచ్చింది. రెండో విజిల్‌కి మళ్ళీ ఇచ్చింది. గుంటూరు కుర్రాడు నవ్వలేక నేల మీద పడుకున్నాడు. ఆవకాయ అన్నం తిన్నాక తినుబండారాలన్నీ మూటకట్టి ఎలుగులకి అందకుండా రెండు నిలువుల ఎత్తులో కొమ్మకి వేలాడదీయాలి, తాడు కొమ్మ మీదుగా విసరడానికి చెయ్యి పైకి లేపితే భుజం లేవలేదు. ఆ పని కూడా మా అమ్మాయే చేసింది.

మూడో రోజు తిరుగు ప్రయాణం. అదే మెట్లు, ఈసారి దిగుడు. నేను కాడి దగ్గరికి వెళ్ళబోతుంటే, "సగం నేను" అంది. ముప్ఫై నాలుగు కిలోలే, నువ్వే ఎంతున్నావు అంటే, క్యాంపులోది చెక్క కానూ నాన్నా, ఇంచుమించు ఇంతే బరువు అంది. ఒక్క ఊపుకి ఎత్తేసింది, మోకాలి తోపు, తిరగడం, అంతా ఒకే కదలిక. నేను దాని సంచీ వేసుకుని వెనక నడిచాను.

వెనక నుంచి చూస్తే మనిషి కనపడదు. పొడుగాటి వెండి పురుగు, దాని కింద రెండు సన్నటి కాళ్ళు, పిక్కల మీద దోమకాట్లు. అడుగు వేసేముందు కాలితో రాయిని ఒకసారి తట్టి చూసుకుంటోంది. ఒకచోట ఆగింది, పడవ కొంచెం వణికింది. నేను నోరు తెరిచి మూసుకున్నాను. మొన్న ఇదే దారిలో అది నా వెనక ఎందుకు అన్నిసార్లు అరిచిందో, తర్వాత ఎందుకు అరవడం మానేసిందో అప్పుడు తెలిసింది. లోపల ఏడుస్తోందేమో అని కూడా అనిపించింది, అడగడం ఎలా.

చెట్టుకి తగిలిన చోట బెరడు లేచిపోయి, దాని మీద అల్యూమినియం గీత తెల్లగా ఉంది. సరిగ్గా అక్కడికొచ్చాక ఆగి, "నాన్నా, నీ స్టాపు" అంది. అక్కణ్ణుంచి కింద నీళ్ళ దాకా నేను మోశాను. దిగుడులో మెడ కంటే మోకాళ్ళు ఎక్కువ ఏడుస్తాయి, అది ఎవరూ చెప్పలేదు, కానీ పడలేదు, పడెయ్యలేదు. కానూ తిరిగి ఇచ్చేటప్పుడు ఆఫీసు పెద్దాయన సొట్ట చూసి, దాని పక్కనే ఉన్న ఇంకో పాత సొట్ట చూపించి, అది నాది, అదే దారిలో అన్నాడు.

ఇంటికొచ్చాక ఆదివారం పొద్దున నాన్నకి ఫోన్ చేశాను. డెబ్భై నాలుగేళ్ళు, ఎద్దులు అమ్మేసి చాలా కాలమైంది, దున్నకమంతా ట్రాక్టరే, కాడి మాత్రం అమ్మలేదు. నాన్నా, నేను కూడా కాడి మోశాను అన్నాను. వివరంగా చెప్పాను, మెట్లు, ముప్ఫై నాలుగు కిలోలు, మెడ కమిలిపోవడం, అంతా. ఆయన ఊఁ కొడుతూ విని, ఎంత దూరం అన్నాడు. 590 మీటర్లు.

కాసేపు మాట లేదు. చెరువు కింద చేను మనసులో కొలుస్తున్నాడని నాకు తెలుసు, అక్కడ ఒక్కో సాలు వంద మీటర్లు ఉంటుంది.

"ఆరు సాళ్ళు" అన్నాడు. "దానికి మధ్యలో కాడి పడేశావా?"

అవునన్నాను.

"పిల్ల ఎంత మోసింది?"

"మూడు సాళ్ళు. పడెయ్యలేదు."

"ఫోన్ దానికియ్యి" అన్నాడు.